హైదరాబాద్ నుంచి విశాఖకు: విమానమా, వందే భారతా, రాత్రి రైలా?

శంషాబాద్ విమానాశ్రయం నుంచి విశాఖ విమానాశ్రయానికి గాలిలో తిన్నగా గీత గీస్తే దాదాపు 510 కిలోమీటర్లు. సికింద్రాబాద్ నుంచి విశాఖకు పట్టాల మీద 699. విజయవాడ మీదుగా రోడ్డున వెళితే 620 దరిదాపు. ఈ అంకెలు ఫోన్‌లో చూసుకుని, "విమానమైతే గంటంపావు, రైలైతే పన్నెండు గంటలు, ఇంక ఆలోచించేదేముంది" అని టికెట్టు కొనేసేవాళ్లు మా ఇంట్లోనే ఉన్నారు. మా అమ్మానాన్నలు విశాఖలో ఎంవీపీ కాలనీలో ఉంటారు, నేను కూకట్‌పల్లిలో ఉంటాను. ఏడాదికి ఆరేడుసార్లు ఈ దారిన వెళ్లి వస్తాను. ఇన్నేళ్లలో నాకు కుదిరిన కొలత ఒక్కటే: ఇంటి గుమ్మం దాటిన క్షణం నుంచి అవతలి గుమ్మంలో చెప్పులు విడిచేదాకా నిద్ర లేకుండా ఎన్ని గంటలు గడుస్తున్నాయి? వాటిని నేను మెలకువ గంటలు అంటాను. ఈ కొలతతో చూస్తే, విమానం కచ్చితంగా గెలిచే రోజులున్నాయి. గోదావరి ఎక్స్‌ప్రెస్ దాన్ని మించిపోయే రోజులూ ఉన్నాయి.

37 నిమిషాల దూరానికి గంటంపావు ఎందుకు?

ఎయిర్‌బస్ ఏ320 లాంటి జెట్ విమానం ఎత్తుకు చేరాక గంటకు 830 కిలోమీటర్ల దాకా వెళుతుంది. ఆ లెక్కన 510 కిలోమీటర్లకు 37 నిమిషాలు చాలు. కానీ ఇంత చిన్న దారిలో ఆ పూర్తి వేగం అందేది నడిమధ్య కాసేపే. పైకెక్కడానికి దాదాపు 20 నిమిషాలు, దిగడానికి మరో 20, ఈ రెండు వేళల్లోనూ వేగం తక్కువ. పైగా విమానం బయలుదేరిన చోట నుంచి తిన్నగా గమ్యం వైపు తిరగదు. రన్‌వే ఎటు చూస్తే అటు లేచి, కంట్రోలర్లు చెప్పిన దారిలో తిరిగి, అవతల కూడా రన్‌వేకి ఎదురుగా వచ్చేలా చుట్టు తిరుగుతుంది. అందుకే గాలిలో 50 నిమిషాల నుంచి గంట పడుతుంది.

టికెట్టు మీద ఉండే గంటా పది, గంటా ఇరవై నిమిషాలు మరో లెక్క. గేటు దగ్గర విమానం కదిలినప్పటి నుంచి అవతలి గేటు దగ్గర ఆగేదాకా ఉన్న సమయం అది. రన్‌వే దాకా నడిచేది, వరసలో నిలబడేది అన్నీ అందులోనే ఉంటాయి. కొంత వెసులుబాటు కూడా కలిపి పెడతారు. పావుగంట ఆలస్యంగా కదిలిన విమానం చెప్పిన వేళకే దిగడం మీరు చూసే ఉంటారు, అది ఆ వెసులుబాటు వల్లే.

టికెట్టు కొనేముందు విమానం ఏ రకమో కూడా చూడండి. ఏటీఆర్ అని ఉంటే అది ప్రొపెల్లర్లతో ఎగిరేది, వేగం గంటకు 500 కిలోమీటర్ల చుట్టూ ఉంటుంది. ఇదే దూరానికి అది అరగంటకు అటూ ఇటూగా ఎక్కువ తీసుకుంటుంది. ప్రయాణ సమయం గంటన్నర దాటి కనిపిస్తే సాధారణంగా కారణం అదే. బెంగళూరు మీదుగానో చెన్నై మీదుగానో తిప్పి తీసుకెళ్లే టికెట్లు కూడా తక్కువ ధరకు కనిపిస్తాయి. ఈ దారికి వాటిని అసలు పట్టించుకోవద్దు, కొన్నిసార్లు వందే భారతే వాటికంటే ముందు చేరుస్తుంది.

గాలి సంగతి కూడా చెప్పాలి. చలికాలంలో పై ఎత్తుల్లో గాలి పడమర నుంచి తూర్పుకు వీస్తుంది. అప్పుడు విశాఖ వెళ్లేటప్పుడు వెనక నుంచి తోస్తుంది, తిరుగు దారిలో ఎదురొస్తుంది. వానాకాలంలో దిశ మారుతుంది. ఇంత చిన్న దూరానికి తేడా కొద్ది నిమిషాలే, కాబట్టి దాన్ని బట్టి ఏదీ మార్చుకోనక్కర్లేదు. తూర్పు వల్ల నిజంగా తెలిసే తేడా వెలుతురులో ఉంది. రెండు ఊళ్ల గడియారం ఒకటే అయినా విశాఖలో దాదాపు 19 నిమిషాలు ముందే తెల్లవారుతుంది, ముందే చీకటి పడుతుంది. డిసెంబరులో సాయంత్రం అయిదున్నరకు దిగేసరికి మసక చీకటే. పెద్దవాళ్లను ఒంటరిగా పంపుతుంటే ఇది గుర్తుంచుకోండి.

గుమ్మం నుంచి గుమ్మానికి

ఇప్పుడు అసలు లెక్క. కూకట్‌పల్లి నుంచి అవుటర్ రింగ్ రోడ్డు మీదుగా శంషాబాద్ నలభై కిలోమీటర్ల దరిదాపు. పొద్దున్నే అయితే యాభై నిమిషాలు చాలు. సాయంత్రం గచ్చిబౌలి దాటి రింగ్ రోడ్డు ఎక్కేదాకానే ముప్పావుగంట పోతుంది. సగటున గంటంపావు వేసుకుందాం. బ్యాగు ఇచ్చే కౌంటర్లు దేశీయ విమానాలకు గంట ముందే మూసేస్తారు, గేటు ఇరవై, ఇరవై అయిదు నిమిషాల ముందు మూసేస్తారు. కాబట్టి గంటన్నర ముందు అక్కడ ఉండాలి. విమానంలో గంటంపావు. విశాఖలో బ్యాగు వచ్చేదాకా ఇరవై అయిదు నిమిషాలు. ఎన్ఏడీ కూడలి మీదుగా ఎంవీపీ కాలనీకి నలభై నిమిషాలు. అన్నీ కలిపితే అయిదు గంటల అయిదు నిమిషాలు.

ఇందులో విమానం కదిలేది గంటంపావే. మిగతా సమయమంతా మనం ఎక్కడ ఉంటున్నామన్న దాన్ని బట్టి మారుతుంది. రాజేంద్రనగర్‌లోనో అత్తాపూర్‌లోనో ఉన్నవాళ్లకు శంషాబాద్ అరగంట దూరం, వాళ్లకు మొత్తం నాలుగు గంటల ఇరవై నిమిషాల్లో పని అయిపోతుంది. మల్కాజ్‌గిరి, తార్నాక, సైనిక్‌పురి వాళ్లకు సికింద్రాబాద్ స్టేషన్ పక్కనే, విమానాశ్రయం ఊరికి ఆ చివర. 2008 మార్చి దాకా విమానాలు బేగంపేట నుంచి ఎగిరేవి. అప్పుడు సికింద్రాబాద్ వాళ్ల లెక్క వేరుగా ఉండేది. శంషాబాద్‌కు మెట్రో లేదు కాబట్టి క్యాబ్, లేదా ఆర్టీసీ పుష్పక్ బస్సు. పుష్పక్‌ను తక్కువగా చూడకండి. ఒక్కరే వెళుతుంటే, సామాను తక్కువుంటే, క్యాబ్ డబ్బులో చిన్న వంతుతో దాదాపు అదే వేళకు దింపుతుంది.

చేతి బ్యాగు ఒక్కటే అయితే పైన చెప్పిన అయిదు గంటల్లో ముప్పావుగంట తగ్గించుకోవచ్చు. వెబ్ చెక్-ఇన్ చేసుకుంటే కౌంటర్ అక్కర్లేదు, దిగాక బెల్టు దగ్గర నిలబడక్కర్లేదు. రెండు విమానాశ్రయాల్లోనూ ముఖాన్ని గుర్తించి లోపలికి పంపే డిజియాత్ర ఉంది, ప్రవేశ ద్వారం దగ్గర వరస తప్పుతుంది. కానీ అమ్మ ఇచ్చిన ఆవకాయ జాడీ ఉంటే చేతి బ్యాగు కుదరదు. కారం పచ్చళ్లను భద్రతా తనిఖీలో ఆపేస్తారు. గట్టిగా మూత బిగించి చెక్-ఇన్ బ్యాగులో వేయాలి. ఎండు కొబ్బరికి అక్కడా అనుమతి లేదు, తొందరగా మండే సరుకు కింద లెక్క. విమానంలో మామూలు టికెట్టుకు 15 కిలోలు చెక్-ఇన్, 7 కిలోలు చేతిలో. రైలు థర్డ్ ఏసీలో 40 కిలోలు ఉచితం. పండక్కి వెళ్లి బియ్యం, పప్పు, పిండివంటలతో తిరిగొచ్చేవాళ్లకు ఆ 40 కిలోలే సగం నిర్ణయం చేసేస్తాయి.

రాత్రి రైలు: పన్నెండు గంటల్లో మెలకువ ఎంత?

గోదావరి ఎక్స్‌ప్రెస్ 1974 నుంచి ఈ దారిలో నడుస్తోంది. సాయంత్రం బయలుదేరి తెల్లవారి ఆరు గంటల ప్రాంతంలో విశాఖ చేరుతుంది. పన్నెండున్నర గంటలంటే వినడానికి ఎక్కువే. కానీ వరంగల్ దాటేసరికి భోజనం, విజయవాడ రాకముందే పడక. మెలకువగా గడిపేది నాలుగు గంటలు, నాలుగున్నర. స్టేషన్‌కు రావడం, దిగి ఇంటికి వెళ్లడం కలిపినా ఆరు. విమానంలో అయిదు. తేడా గంట. ఆ గంట కోసం ఎంత పెడుతున్నామో కాసేపట్లో చూద్దాం.

గోదావరితో చిక్కేమిటంటే, ఆఫీసు నుంచి మధ్యాహ్నమే లేవాలి. ఆ వెసులుబాటు లేనివాళ్లకు గరీబ్‌రథ్ ఉంది, వారంలో కొన్ని రోజులు దురంతో ఉంది. ఇవి రాత్రి ఎనిమిది దాటాక బయలుదేరతాయి. అప్పుడు మెలకువ గంటలు ఇంకా తగ్గుతాయి, నిజంగా పడుకుని లేచేసరికి సముద్రపు గాలి తగులుతుంది. శుక్రవారం రాత్రి ఎక్కి, శని, ఆదివారాలు పూర్తిగా ఇంట్లో ఉండి, ఆదివారం రాత్రి ఎక్కి సోమవారం పొద్దున్న ఆఫీసుకు వచ్చేయొచ్చు. శనివారం పొద్దున్న విమానంలో వెళితే ఇంటికి చేరేసరికి సగం పూట పోతుంది. రెండు రోజుల సెలవుకు నాకు తెలిసి రాత్రి రైలును మించింది లేదు. రైల్లో నిద్ర పట్టని మనిషికి మాత్రం ఈ లెక్కంతా తలకిందులవుతుంది. అలాంటివాళ్లు మరునాడంతా మొద్దుగా ఉంటారు. వాళ్లకు విమానమే మంచిది.

ఇదే కొలత తొలి విమానానికి వేయండి. ఆరు గంటల విమానం చౌకగా కనిపిస్తుంది. దాన్ని అందుకోవాలంటే రెండున్నరకు లేవాలి, మూడున్నరకల్లా క్యాబ్ ఎక్కాలి. అలారం మోగదేమోనన్న భయంతో ఆ కాస్త నిద్ర కూడా పట్టదు. పగటి పూట అయిదు గంటలతో పాటు ఒక రాత్రి నిద్ర కూడా ఖర్చయిందన్నమాట. తొలి విమానానికి ఒక మంచి గుణం లేకపోలేదు. అది రాత్రంతా అక్కడే నిలిచిన విమానం అయితే వేళకు కదులుతుంది. సాయంత్రపు విమానాలు పొద్దుటి నుంచి నాలుగైదు ఊళ్లు తిరిగి వస్తాయి, ప్రతి ఊళ్లోనూ పది నిమిషాలు పోయినా చివరికి గంట ఆలస్యం. పెళ్లి ముహూర్తానికి వెళుతుంటే ఆ రోజు సాయంత్రపు విమానాన్ని నమ్ముకోవద్దు.

రైలు ఎక్కేచోటు మాత్రం టికెట్టు మీద రెండుసార్లు చూసుకోండి. సికింద్రాబాద్ స్టేషన్ పునర్నిర్మాణం మొదలయ్యాక కొన్ని రైళ్లు చర్లపల్లికి మారాయి. కొన్ని లింగంపల్లి నుంచి వస్తాయి, కూకట్‌పల్లి వైపు వాళ్లకు అది వరం. విశాఖ చివర కూడా అంతే. కొన్ని దూరప్రాంతపు రైళ్లు విశాఖ స్టేషన్‌లోకి రాకుండా దువ్వాడ నుంచి పక్కకు వెళ్లిపోతాయి. గాజువాక, ఉక్కునగరం వాళ్లు దువ్వాడలో దిగితేనే ఇల్లు దగ్గర. తుని, అనకాపల్లి వాళ్లకైతే అసలు పోటీయే లేదు. గోదావరి వాళ్ల ఊళ్లోనే ఆగుతుంది. విమానంలో విశాఖ దాకా వెళ్లి మళ్లీ వెనక్కి వంద కిలోమీటర్లు రావడం తుని మనిషికి అనవసరం.

వందే భారత్

2023 సంక్రాంతి రోజున మొదటిది మొదలైంది, 2024 మార్చిలో రెండోది వచ్చింది. ఇప్పుడు రెండు చివర్ల నుంచీ పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి. ప్రయాణం ఎనిమిదిన్నర గంటల చుట్టూ. ఇంటి నుంచి ఇంటికి తొమ్మిదిన్నర, పది. అంతా మెలకువే. పడక లేదు, కుర్చీయే. కాబట్టి నా కొలతలో ఇది చివర నిలుస్తుంది. రోజు మొత్తం తినేస్తుంది కాబట్టి రెండు రోజుల సెలవుకు పనికిరాదు.

అయినా దీన్ని ఎంచుకునే సందర్భాలున్నాయి. ల్యాప్‌టాప్ తెరిచి పని చేసుకునేవాళ్లకు అది పోయిన సమయం కాదు. పరీక్షకు చదువుకునే పిల్లలకూ అంతే. విమానంలో చెవులు నొప్పి పుట్టే పసివాళ్లున్నా, మధ్యలో రాజమండ్రిలోనో విజయవాడలోనో మనిషిని కలుపుకోవాలన్నా ఇదే దారి. గోదావరి బ్రిడ్జి పగలు దాటడం కూడా ఒక కారణమే. మా పిల్లలు కిటికీ సీటు కోసం పోట్లాడుకునేది అక్కడే.

బస్సు గురించి ఎక్కువ చెప్పను. పన్నెండు, పదమూడు గంటలు, స్లీపర్ బస్సులో పడుకున్నా రోడ్డు కుదుపులకు రైలంత నిద్ర రాదు. రైలు, విమానం రెండూ దొరకని పండగ రోజున అది ఉన్నందుకు సంతోషించాలి.

డబ్బు లెక్క

ధరలు రోజుకో తీరు, కాబట్టి మామూలు రోజుల్లో నేను పెట్టే ఖర్చు చెబుతాను, మీ అంకెలు మీరు వేసుకోండి. మూడు వారాల ముందు కొంటే విమానం 4,200 దరిదాపు, రెండు వైపులా క్యాబ్‌లకు 1,400. మొత్తం 5,600. వందే భారత్ చెయిర్ కార్, ఆటోలు కలిపి 2,200. తేడా 3,400. మిగిలేది నాలుగున్నర గంటలు. అంటే గంటకు సుమారు 750 రూపాయలు పెట్టి సమయం కొంటున్నాం. అది చాలామంది ఉద్యోగులకు గిట్టుబాటే. గోదావరి థర్డ్ ఏసీ, ఆటోలతో 1,500. తేడా 4,100, మిగిలేది ఒక్క మెలకువ గంట. ఇది నాకు ఎప్పుడూ గిట్టుబాటు కాలేదు. నలుగురు కుటుంబమైతే టికెట్ల తేడా నాలుగింతలు, క్యాబ్ మాత్రం ఒక్కటే. అప్పుడు కూడా రైలే తేలుతుంది.

సంక్రాంతికి ఈ లెక్కలు చెల్లవు. జనవరి 10 నుంచి 13 దాకా విమానం ధర మామూలుకు మూడింతలైనా ఆశ్చర్యం లేదు. రైలు టికెట్లు ఇప్పుడు 60 రోజుల ముందు నుంచే ఇస్తున్నారు, 2024 నవంబరుకు ముందు 120 రోజులుండేది. అంటే సంక్రాంతి టికెట్టు కోసం నవంబరు రెండో వారంలో పొద్దున ఎనిమిదికి ఫోను పట్టుకుని కూర్చోవాలి. అది తప్పితే తత్కాల్: ప్రయాణానికి ముందు రోజు, ఏసీకి పదింటికి, స్లీపర్‌కి పదకొండింటికి.

విమానం చివరి నిమిషంలో రద్దయితే మీ హక్కు తెలుసుకోండి. ముందుగా చెప్పకుండా, వేరే విమానం చూపకుండా రద్దు చేస్తే, గంట నుంచి రెండు గంటల ప్రయాణానికి 7,500 రూపాయలు, లేదా మూల ఛార్జీ, ఇంధన రుసుము కలిపినంత, ఏది తక్కువైతే అది పరిహారంగా ఇవ్వాలని పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన. తుపాను లాంటి కారణమైతే పరిహారం ఉండదు. టికెట్టు డబ్బు మాత్రం వెనక్కి రావాలి. రైలు మూడు గంటలకు మించి ఆలస్యమని తెలిసి మీరు ఎక్కకపోతే, అది బయలుదేరకముందే టీడీఆర్ (టికెట్టు డబ్బు వెనక్కి అడిగే దరఖాస్తు) దాఖలు చేస్తే మొత్తం తిరిగొస్తుంది.

అక్టోబరు, నవంబరు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు విమానాశ్రయం పైకప్పే దెబ్బతింది, కొన్ని రోజులు విమానాలు లేవు. 2024 సెప్టెంబరు మొదట్లో కేసముద్రం దగ్గర పట్టాల కింద మట్టి కొట్టుకుపోయి ఈ దారిలో రైళ్లు ఆగాయి, అప్పుడు విమానమే దిక్కైంది. అందుకే తుపానుల కాలంలో తప్పనిసరి ప్రయాణమైతే ఒక రోజు ముందే చేరేలా చూసుకోండి. ఏది ఎక్కినా సరే.

భోగాపురం వస్తే

ఇప్పటి విశాఖ విమానాశ్రయం నౌకాదళానిది, ఐఎన్‌ఎస్ డేగ. ఊరికి ఆనుకుని ఉండటమే దాని గొప్ప సుగుణం. దాని బదులు విజయనగరం జిల్లా భోగాపురం దగ్గర అల్లూరి సీతారామరాజు పేరిట కొత్త విమానాశ్రయం కట్టారు. విశాఖ నడిబొడ్డు నుంచి 45 కిలోమీటర్ల దరిదాపు. గాలిలో చూస్తే హైదరాబాద్ నుంచి ముప్పై కిలోమీటర్ల చిల్లర పెరుగుతుంది, విమానానికి రెండు మూడు నిమిషాలు. నేల మీద అలా కాదు. గాజువాక మనిషి ఇరవై నిమిషాల్లో ఇల్లు చేరేవాడు, ఇక ఊరు మొత్తం దాటి రావాలి. ఎంవీపీ కాలనీకి కనీసం పావుగంట, ఇరవై నిమిషాలు ఎక్కువ. విజయనగరం, శ్రీకాకుళం వాళ్లకు మాత్రం చాలా సమయం మిగులుతుంది, ఇన్నాళ్లూ విశాఖ రద్దీలో ఇరుక్కున్నది వాళ్లే. విమానాలు అటు మారాక గాజువాక, అనకాపల్లి వాళ్లు ఈ లెక్క మొత్తం మళ్లీ వేసుకోవాలి. రాత్రి రైలు వైపు మొగ్గుతారని నా నమ్మకం. టికెట్టు మీద దిగే చోటు ఏదని ఉందో చదివి, క్యాబ్‌కు ఆ పేరే చెప్పండి.

పెద్దవాళ్లు, ఆపద వేళలు

మా అమ్మను మోకాళ్ల నొప్పులు మొదలయ్యాక విమానంలోనే పంపుతున్నాను. చక్రాల కుర్చీ కావాలని టికెట్టుతో పాటే, కనీసం 48 గంటల ముందు చెబితే గుమ్మం దగ్గరి నుంచి సీటు దాకా తీసుకెళతారు. రైల్లో ఆ సాయం ప్లాట్‌ఫారం దాకానే, మెట్లు మనమే ఎక్కాలి. రైలే ఇష్టమనే పెద్దవాళ్లకు కింది బెర్తు కోటా ఉంది: ఆడవాళ్లకు 45 ఏళ్లు, మగవాళ్లకు 60 దాటితే. ఒకరో ఇద్దరో కలిసి వెళితేనే అది వర్తిస్తుంది. కుటుంబమంతటితో ఒకే టికెట్టులో కలిపితే ఆ కోటా పోతుంది, కాబట్టి వాళ్లిద్దరికీ విడిగా తీయండి.

ఒకసారి రాత్రి తొమ్మిదింటికి నాన్నను ఆసుపత్రిలో చేర్చారని ఫోను వచ్చింది. రాత్రి రైళ్లు వెళ్లిపోయాయి. పొద్దున ఆరింటికి విమానం ఉంది, సీటు కూడా ఉంది. కానీ అంతసేపు ఇంట్లో కూర్చుని ఎదురుచూడటం నా వల్ల కాలేదు. స్నేహితుణ్ణి లేపి కారులో బయలుదేరాను. సూర్యాపేట, విజయవాడ, ఏలూరు, ఒకచోట ఆగి టీ, ఇంకోచోట కన్ను మూత పడుతుంటే ఆగి ముఖం కడుక్కోవడం. ఆసుపత్రికి చేరేసరికి పొద్దున తొమ్మిదీ ముప్పావు. ఆ విమానం ఏడుంబావుకే దిగింది. దాన్ని ఎక్కి ఉంటే నేను ఎనిమిదింటికి నాన్న పక్కన ఉండేవాణ్ణి, డాక్టరు పొద్దుటి పరీక్షకు వచ్చిన వేళకు అక్కడుండేవాణ్ణి, నిద్రలేక ఊగిపోతూ కాగితాల మీద సంతకాలు పెట్టే పని తప్పేది. నాన్న కోలుకున్నారు. ఆ రాత్రి స్నేహితుడి ప్రాణం కూడా రోడ్డు మీద పెట్టానన్న సంగతి నాకు తర్వాత తట్టింది.

అందుకే ఇప్పుడు రెండు వైపులా తొలి విమానం వేళ, ఆఖరి విమానం వేళ, ఆఖరి రాత్రి రైలు వేళ ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించాను. వేళలు మారినప్పుడల్లా దిద్దుతాను. ఆఖరి రాత్రి రైలు అందే వేళలోపు ఫోను వస్తే రైలు కోసం చూడాలి, అది దాటితే తొలి విమానం టికెట్టు తీసి, సంచి సర్ది, మూడింటిదాకా పడుకోవాలి.